అమ్మమ్మ వీపు

మొన్న సంక్రాంతికి మా ఊరి తెలుగువాళ్లంతా కలిసి పిల్లలకు బొమ్మల పోటీ పెట్టారు. మా ఊరంటే న్యూజెర్సీలో. బడి కెఫెటేరియా ఒక పూటకు అద్దెకు తీసుకుని, గోడ పొడుగునా బొమ్మలు నీలం టేపుతో అంటించారు. బయట మంచు, లోపల పులిహోర వాసన. న్యాయనిర్ణేతలం ముగ్గురం. అంశం ‘మన సంస్కృతి’.

వినాయకులున్నారు, నెమళ్లున్నాయి, గంగిరెద్దులున్నాయి. చార్మినార్‌నూ లిబర్టీ విగ్రహాన్నీ పక్కపక్కన నిలబెట్టిన బొమ్మలే అయిదారు ఉన్నాయి. అన్నీ శ్రద్ధగా వేసినవే. వెలుగునీడలు పద్ధతిగా దిద్దినవే. ఎన్ని శనివారాలు క్లాసులకు వెళ్తే ఆ చెయ్యి వస్తుందో నాకు తెలుసు. కానీ నా కాళ్లు ఆగిపోయింది మాత్రం గోడ చివర, చెత్తబుట్ట పైన అంటించిన బొమ్మ దగ్గర.

ఆరో తరగతి అమ్మాయి వేసింది. కార్పెట్ మీద నోరు తెరుచుకున్న సూట్‌కేసు. పక్కనే బాత్‌రూములో ఉండే బరువు మిషను, దాని మీద ఎర్ర అంకెల్లో 53. సూట్‌కేసు ముందు ఒక పెద్దావిడ గొంతుక్కూచుని ఉంది. ఆవిడ ముఖం కనపడదు. వీపు కనపడుతుంది, వదులైన ముడి కనపడుతుంది, ఒక భుజం మీంచి జారిన స్వెటర్ కనపడుతుంది. చేతిలో నీలం అంచు చీర, సగం సూట్‌కేసులో, సగం బయట.

“ఇది ఎక్కడ చూశావమ్మా?” అని అడిగాను.

“మా ఇంట్లోనే ఆంటీ. అమ్మమ్మ ఇండియా వెళ్లే ముందు రోజు రాత్రి. త్రీ పౌండ్స్ ఎక్కువొచ్చింది. చాక్లెట్లు తీసెయ్ అమ్మమ్మా అన్నాను. అవి మా కజిన్స్‌కి. తియ్యలేదు. తన చీరలు తీసేసింది.”

“మరి ముఖం వెయ్యలేదేం?”

“నేను వెనకాల డోర్ దగ్గరున్నా. నాకు కనపళ్లేదు కదా.”

విమానంలో ఒక సూట్‌కేసుకు ఒప్పుకునేది యాభై పౌండ్లు, మన లెక్కలో 23 కిలోలు. అమెరికాలో ఉన్న ఏ తెలుగింటికి వెళ్లినా ఈ అంకె తెలియనివాళ్లు ఉండరు. ఆ అంకె ముందు ఒక మనిషి తనవి తాను తీసేసుకుని పిల్లలవి ఉంచడం, దాన్ని గుమ్మం దగ్గర నిలబడిన పదకొండేళ్ల పిల్ల చూడటం, చూసింది చూసినట్టే వెయ్యడం, కనపడనిదాన్ని కల్పించకుండా ఊరుకోవడం. పెద్ద చిత్రకారులకు కూడా ఈ నిగ్రహం ఏళ్లు గడిస్తేగానీ రాదు. నేనది చెప్పాను. తోటి న్యాయనిర్ణేతల్లో ఒకరు ముఖం గీయడం రాక తిప్పేసి ఉంటుందన్నారు. ఇంకొకరు ఇందులో సంస్కృతి ఏముందన్నారు. ఇద్దరు ఒకవైపు, నేనొకవైపు. మొదటి బహుమతి నెమలికి వెళ్లింది.

ఈ వారం శీర్షిక ఆ రోజు నేను సరిగ్గా చెప్పలేకపోయిన మాటే. బొమ్మ వేసిన పిల్లల్ని మనం అడిగేవి రెండే ప్రశ్నలు. ఏ ప్రైజొచ్చింది? ఎవరి దగ్గర నేర్చుకుంటున్నావు? ఎక్కడ చూశావు అని మాత్రం అడగం. నిజానికి బొమ్మ పుట్టేది ఆ ‘ఎక్కడ’ నుంచే.

1930ల్లో పిట్స్‌బర్గ్‌లో ఒక వలస కుటుంబం ఉండేది. ఇప్పటి స్లొవేకియాలోని ఒక పల్లె నుంచి వచ్చినవాళ్లు. తండ్రిది కూలి పని. ముగ్గురు కొడుకుల్లో చివరివాడికి చేతులూ కాళ్లూ వాటంతటవే అదిరే జబ్బు చేసి వారాల తరబడి మంచాన పడ్డాడు. తల్లి జూలియాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. రంగులేసుకునే పుస్తకాలూ కామిక్సూ తెచ్చి పిల్లాడి ముందు పడేసేది. ఒక పేజీ పూర్తి చేసినప్పుడల్లా ఒక హెర్షీ చాక్లెట్ చేతిలో పెట్టేది. ఖాళీ అయిన పళ్ల డబ్బాలు కత్తిరించి రేకు పూలు చేసి ఇంటింటికీ తిరిగి అమ్మేది. కాస్త పెద్దయ్యాక పిల్లాడు శనివారాలు కార్నెగీ మ్యూజియంలో ఉచితంగా చెప్పే క్లాసులకు వెళ్లేవాడు. ఆదివారాలు చర్చి. అక్కడ గోడ నిండా వరసలు వరసలుగా పునీతుల ముఖాలు.

ఆ పిల్లాడే చిత్రకారుడు ఆండీ వార్హాల్. హైస్కూల్లో ఉండగా, 1923 నుంచి విద్యార్థులకు ఏటా జరుగుతున్న స్కొలాస్టిక్ పోటీల్లో బహుమతి కూడా అందుకున్నాడు. 1962లో 32 సూపు డబ్బాల బొమ్మలు వరసగా పేర్చితే ప్రపంచం ఉలిక్కిపడింది. ఇరవయ్యేళ్లు మధ్యాహ్నం తను తాగింది ఆ సూపేనని ఆయనే చెప్పుకున్నాడు. నాకైతే ఆ డబ్బాల వెనక జూలియా కత్తెర కనపడుతుంది, ఆ వరసల్లో చర్చి గోడ కనపడుతుంది.

మరి మన పిల్లల కళ్ల ముందు ఏముంది? గరాజ్‌లో ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచి. వానొచ్చినా మంచొచ్చినా స్టవ్ మీద ఇడ్లీ రేకులు. వీడియో కాల్‌లో ఫోను ఎలా పట్టుకోవాలో తెలియని తాతయ్య నుదురు, సగం సీలింగ్ ఫ్యాను. ఆ నుదురు ఇప్పటిదాకా ఏ పోటీలోనూ నాకు తగల్లేదు. పిల్లలు చూడక కాదు. రోజూ చూసేది బొమ్మకు పనికిరాదని మనం వాళ్లకు నేర్పాం కాబట్టి.

ఇక్కడి హైస్కూళ్లలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఆర్ట్ అండ్ డిజైన్ అనే కోర్సు ఉంది. అందులో విద్యార్థి తనకు తానే ఒక ప్రశ్న వేసుకుని, దాన్ని పట్టుకుని 15 చిత్రాల దాకా వెళ్లాలి. చెరిపేసినవీ మార్చినవీ కూడా అందులో చూపించొచ్చు. ఏ ప్రశ్న నిన్ను నడిపించింది అన్నది కొన్ని వందల అక్షరాల్లో రాయాలి. ఆ ప్రశ్న నాకు చాలా ఇష్టం. మన ఇళ్లకు వచ్చేసరికే అది పాడవుతోంది. కాలేజీ సీటు కోసం బొమ్మ, బొమ్మ కోసం కథ, కథ కోసం కోచింగ్. నాకు తెలిసిన ఒక కుర్రాడు స్కూల్ బస్సు కిటికీ మీద గడ్డకట్టిన మంచు గీతలు వేస్తుండేవాడు. తెల్ల కాగితం మీద తెల్ల గీతలు, కళ్లు దగ్గర పెట్టుకుంటే తప్ప కనపడేవి కావు. దీంట్లో కథేముంది, రెండు సంస్కృతుల మధ్య నలిగిపోతున్నట్టు ఏదైనా వెయ్యమన్నారు కోచింగ్‌వాళ్లు. సగం ముఖం కథాకళి, సగం ముఖం హుడీ వేసుకున్న కుర్రాడు. వేశాడు. వాడు కథాకళి ఎన్నడూ చూసి ఎరగడు. సీటొచ్చింది. ఇప్పుడు పెన్సిలు ముట్టుకోడు. ఆ మంచు గీతలు ఎక్కడున్నాయని వాళ్లమ్మనడిగితే ఇల్లు మారినప్పుడు పోయాయంది.

నలభై ఏళ్లకు ముందు ఇదే దేశంలో ఒక విద్యార్థిని వేసిన బొమ్మ కథ చెప్పాలి. ఒహాయోలో ఒక చిన్న ఊరు, చైనా నుంచి వలస వచ్చిన తల్లిదండ్రులు. తండ్రి మట్టిపాత్రలు చేసే కళాకారుడు, తల్లి సాహిత్యం చెప్పే కవయిత్రి. కూతురు మాయా లిన్ యేల్ యూనివర్సిటీలో చదువుకుంటోంది. అక్కడ వూల్సీ హాల్ దగ్గర యుద్ధాల్లో చనిపోయిన పూర్వ విద్యార్థుల పేర్లు గోడల మీద చెక్కి ఉంటాయి. ఆమె చేరిన కొత్తల్లో వియత్నాం యుద్ధ మృతుల పేర్లు చెక్కుతున్నారు. శిల్పులు ఒక్కో అక్షరం తొలుస్తుంటే ఆమె రోజూ ఆ పక్క నుంచే క్లాసుకు వెళ్లేది. ఆ గోడ మీంచి వేళ్లు పోనివ్వకుండా నడవడం తన వల్ల కాలేదని తర్వాత రాసుకుంది.

వాషింగ్టన్‌లో వియత్నాం మృతులకు స్మారకం కట్టాలని పోటీ ప్రకటించారు. ఆమె క్లాసులో దాన్నే అభ్యాసంగా తీసుకున్నారు. స్నేహితులతో కలిసి ఆ స్థలానికి వెళ్లి చూసింది. పచ్చిక, దూరంగా లింకన్ మందిరం. కత్తితో నేలను కోసినట్టు, ఆ కోత కాలంతో మానుతున్నట్టు అనిపించిందట. రెండు నల్ల గ్రానైట్ గోడలు నేలలోకి దిగి ఒక మూల దగ్గర కలుసుకుంటాయి, వాటి మీద చనిపోయిన వరసలో పేర్లు. అంతే. హోదాల్లేవు, గుర్రాల్లేవు, జెండా పట్టుకున్న సైనికుల్లేరు. పేస్టల్ రంగులతో నాలుగు మెత్తటి గీతలు, చేత్తో రాసిన ఒక వివరణ పంపింది. క్లాసులో దానికి వచ్చింది బి గ్రేడు.

మొత్తం 1421 ఎంట్రీలు. పేర్లు కనపడకుండా అంకెలు మాత్రం వేశారు. 1981 మేలో గెలిచిన అంకె 1026. విప్పి చూస్తే ఇరవై ఒక్కేళ్ల విద్యార్థిని. గొడవ మొదలైంది. నలుపేమిటన్నారు, నేలలో పాతేయడమేమిటన్నారు, సిగ్గుచేటన్నారు. చివరికి రాజీగా దగ్గర్లో ఒక జెండా స్తంభం, ముగ్గురు సైనికుల విగ్రహం కూడా పెట్టారు. గోడ మాత్రం ఆమె గీసినట్టే 1982లో తెరిచారు. ఇప్పుడు దాని మీద 58 వేలకు పైగా పేర్లున్నాయి. నేను వెళ్లిన రోజు ఒక ముసలాయన గోడకు కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దుతున్నాడు. ఒక్కో అక్షరం తెల్లగా పైకి తేలింది. ఆయన రెండో చెయ్యి ఆ పేరు పక్కనే గోడ మీద ఉంది. యేల్‌లో ఒక అమ్మాయి వేళ్లు చేసిన పనే, వాషింగ్టన్‌లో కొన్ని లక్షల వేళ్లు చేస్తున్నాయి.

వచ్చిన ఎంట్రీల మీద పేర్లు రాసి ఉంటే, ఆసియా ఇంటిపేరున్న ఒక విద్యార్థినికి ఆ పని దక్కేదా? నాకు నమ్మకం లేదు. న్యాయనిర్ణేత కుర్చీలో కూర్చున్నప్పుడల్లా 1026 అన్న అంకె నాకు గుర్తొస్తుంది.

పిల్లలు చూసేవన్నీ మనకు నచ్చేవే అయి ఉండవు. 1982 నుంచి అమెరికా కాంగ్రెస్ ఏటా హైస్కూల్ విద్యార్థులకు చిత్రాల పోటీ పెడుతోంది. ఒక్కో నియోజకవర్గం నుంచి గెలిచిన చిత్రాన్ని క్యానన్ భవనం నుంచి కాపిటల్‌కు వెళ్లే సొరంగంలో ఏడాది పాటు వేలాడదీస్తారు. 2016లో సెయింట్ లూయిస్ నుంచి గెలిచింది డేవిడ్ పల్ఫస్ అనే విద్యార్థి చిత్రం. అందులో రోడ్డు మీద నిరసనకారులు, జంతువుల తలలతో పోలీసులు, వెనక ఆ నగరపు ఆర్చ్. ఆగ్రహించిన సభ్యుడొకరు 2017 జనవరిలో స్వయంగా దాన్ని గోడ మీంచి దించారు. స్థానిక సభ్యుడు మళ్లీ పెట్టించారు. ఇంకొందరు మళ్లీ దించారు. చివరికి కాపిటల్ అధికారులే నిబంధనలకు విరుద్ధమని తీసేశారు. కోర్టుకు వెళ్లినా చిత్రం వెనక్కి రాలేదు. పోలీసులను అలా వెయ్యడం నాకూ ఇబ్బందిగానే అనిపించింది. కానీ 2014 ఆగస్టులో పద్దెనిమిదేళ్ల మైకేల్ బ్రౌన్ పోలీసు తూటాలకు చనిపోయింది పక్కనే ఉన్న ఫెర్గూసన్‌లో. దాదాపు అదే వయసు కుర్రాడు తన ఊరి పక్క వీధిని వేశాడు. ఆ చిత్రాన్ని దించినవాళ్లు ఆ వీధిని దించలేరు.

నెమలి మీద నాకు కోపం లేదు. మన ముగ్గులన్నీ ఒకరి చెయ్యి చూసి ఇంకొకరు నేర్చుకున్నవే. చిత్తూరు జిల్లా పల్లెలో 1925లో పుట్టిన ముద్రణ చిత్రకారుడు కృష్ణారెడ్డి గారు శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. తర్వాత పారిస్‌లో తోటివారితో కలిసి, నూనె పాళ్లు మార్చి కలిపిన రంగులను మెత్తటి రోలరుతో ఒకటి, గట్టి రోలరుతో ఒకటి ఒకే పలక మీద పట్టించి, ఒక్క అచ్చులోనే ఎన్నో రంగులు తేవడం ఎలాగో లోకానికి చూపించారు. న్యూయార్క్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, 2018లో ఆ నగరంలోనే కన్నుమూశారు. అంత నేర్చిన చెయ్యి దేన్ని వేసింది? నీటి కదలికను, పురుగును, 1968లో పారిస్ వీధుల్లోకొచ్చిన విద్యార్థులను. కూతురు అపు పాకుతుంటే ఆ పాకడాన్ని. ఆ కూతుర్ని సర్కస్‌కు తీసుకెళ్తే అక్కడి బఫూన్‌ను. మన పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్తే ముందు చూపించాల్సిన తెలుగు చెయ్యి ఇది. మా పోటీకి వచ్చిన తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఆయన పేరు తెలుసు.

ఆ రోజు సాయంత్రం టేపులు పీకి బొమ్మలు ఎవరివి వాళ్లకిచ్చేస్తుంటే సూట్‌కేసు బొమ్మ అమ్మాయి వాళ్లమ్మ నా దగ్గరికొచ్చింది. బహుమతి రాలేదని ఆవిడ అడగలేదు. “ఆ రాత్రి ఇది గది బయట ఉందని నాకు తెలీదండీ” అంది.

గత వారం ఆవిడే ఫోన్ చేసింది. బొమ్మను ఫోటో తీసి తెనాలికి పంపారట. అమ్మమ్మ చాలాసేపు చూసి, తన వీపు గురించి గానీ చాక్లెట్ల గురించి గానీ ఏమీ అనలేదట. “ఆ నీలం అంచు చీర అక్కడే ఉండిపోయింది కదే. పట్టుది. అదే మడత మీద ఉంచితే చిరుగుతుంది, ఓసారి మడత మార్చండి” అందట.

శనివారం పొద్దున తల్లీకూతుళ్లు చెరో కొసా పట్టుకుని, హాల్లో చీర బారునా విప్పి మడత మార్చారు.