జవానుకి మనం పంపుతున్నదేమిటి?

యుద్ధం వచ్చిందంటే చాలు, ఊరూరా చందాల డబ్బాలు బయటికొస్తాయి. 1999లో కార్గిల్ అప్పుడు చూశాం. మన బరంపురంలో అయినా, పక్క ఊళ్లో అయినా అదే వరస. దుప్పట్లు, బిస్కెట్ పెట్టెలు, నాలుగు దండలు, ఒక ఫొటో. తప్పని అనడం లేదు. కానీ దుప్పటి సర్కారు ఇస్తుంది. సర్కారు ఇవ్వలేనిది మనం పంపుతున్నామా అన్నదే ప్రశ్న.

అక్కడ రోజు ఎలా గడుస్తుందో ఒకసారి అనుకోండి. సియాచిన్‌లో 1984 ఏప్రిల్ నుంచి మన సైన్యం ఉంటోంది. తాగే నీళ్లు కావాలంటే స్టౌ మీద మంచు కరిగించుకోవాలి. కోడిగుడ్డు రాయిలా గడ్డకడుతుంది. గుడారంలో కిరసనాయిలు పొగ, మసి. అంత ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, నాలుకకి రుచి తెలీదు. డబ్బా కూడు ఎదురుగా ఉన్నా ముద్ద దిగదు. మైసూరులో 1961లో పెట్టిన రక్షణ ఆహార పరిశోధనశాల పొట్లాల్లో నిలవుండే తిండి తయారుచేసి పెడుతోంది, మెచ్చుకోవాల్సిందే. అయినా అమ్మ కలిపిన కారం ఆ పొట్లంలో ఎక్కణ్ణించి వస్తుంది?

ఇది కొత్త సంగతేం కాదు. 1914 క్రిస్మస్‌కి ఇంగ్లండు రాజుగారమ్మాయి మేరీ పేరున సైనికులకి ఇత్తడి డబ్బాలు పంచారు. తెల్లవాళ్లకి పొగాకు, సిగరెట్లు. మనవాళ్లలో చాలామందికి వాటితోపాటు కలకండ, మసాలా దినుసుల డబ్బా కూడా పెట్టారు. మనల్ని ఏలినవాళ్లకే తెలిసింది, ఫ్రాన్సు బురదలో ఉన్నవాడికి ఇంటి వాసన కావాలని!

ఊరగాయలకీ అప్పడాలకీ పేరు మోసిన ఊరు మనది. సెలవైపోయి బండెక్కే కుర్రాడి ట్రంకుపెట్టెలో ఎలాగూ పెడతాం. ఆ తర్వాత ఏడాదంతా పార్సెల్ మాటే ఎత్తం. గాజు సీసా వద్దు, దారిలో పగులుతుంది. కందిపొడి, సున్నుండలు, చేగోడీలు, అప్పడాల కట్ట అయితే చెడవు. గుడారంలో ఉన్న పదిమందికీ సరిపడా పంపండి. అక్కడ ఒక్కడే విప్పుకుని ఒక్కడే తినే అలవాటు ఉండదు.

ఇక అసలు సంగతి ఉత్తరం. ఫోనుంది కదా అంటారు. కొండ మీద ప్రతి పోస్టులోనూ సిగ్నల్ ఉంటుందా? ఆపరేషన్ నడుస్తుంటే ఫోను పక్కన పెట్టమంటారు కూడా. ఒడిశాలో మూలాలున్న హైదరాబాదు వాసి మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్ 28న ద్రాస్‌లో వీరమరణం పొందారు. అంతకు కొద్దిరోజుల ముందు తండ్రికి ఉత్తరం రాశారు. కడుపుతో ఉన్న భార్యకి రోజుకో మహాభారత కథ చెప్పమని కోరారు. ఫోనులో అయితే ఆ మాట ఆ పూటకే పోయేది. కాయితం మీద ఉంది కాబట్టి ఇవాళ్టికీ మిగిలింది.

మన ఇళ్లలో చిక్కు వేరే ఉంది. అమ్మకి తెలుగు మాట వచ్చు, రాత రాదు. చెల్లెలు ఒడియా బళ్లో చదివింది, తెలుగు అక్షరం పట్టుబడలేదు. రాద్దామంటే ఎవరికి వాళ్లకి మొహమాటం. చివరికి ఆ ఇంటి నుంచి ఉత్తరమే వెళ్లదు. పిల్లలకి తెలుగు నేర్పాలన్న పోరు మనకి ఎప్పుడూ ఉన్నదే, దాన్ని వదలొద్దు. అది తేలేదాకా మాత్రం కొడుకుని ఎదురుచూడనివ్వడం న్యాయమా? అమ్మ చెబుతుంటే చెల్లెలు ఒడియా అక్షరాల్లోనే తెలుగు రాయనీయండి. భాషాభిమానులు నా మీద కోప్పడితే పడనీ. వాడు చదువుకున్నదీ ఆ అక్షరాలే, వినపడేది మాత్రం అమ్మ గొంతు.

ఏం రాయాలంటారా? అప్పులు, తగాదాలు రాయకండి. పెరట్లో మామిడి పూసిందా, బుడి ఠాకురాణి జాతరలో ఈసారి ఎవరింటి పిల్లాడు వేషం కట్టాడు, పొరుగింటి పిన్నిగారు ఏమంటున్నారు, ఇవి రాయండి. చిరునామా ఇంగ్లీషులో ఉండాలి. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, ఆపైన కేరాఫ్ 56 ఏపీఓ, లేదంటే 99 ఏపీఓ, వాడు ఏది చెబితే అది. ఊరి పేరు అక్కర్లేదు. వాడు ఏ కొండ మీద ఉన్నాడో మనకి తెలియకపోయినా, సైన్యం తపాలా వాళ్లకి తెలుసు.