జనవరి 26 మారాలి

1938 జనవరి 26. బ్రిటిష్ ఓడలు వచ్చి 150 ఏళ్లయిందని సిడ్నీ అంతా సంబరాల్లో ఉంది. అదే రోజు ఎలిజబెత్ వీధిలోని ఆస్ట్రేలియన్ హాలులో దాదాపు వంద మంది ఆదివాసులు సంతాప దినం పాటించారు. ముందు గుమ్మంలోంచి వారిని రానివ్వలేదు. వెనక తలుపులోంచి వెళ్లి, తమనూ సమాన పౌరులుగా చూడాలని తీర్మానించారు. బయట, తెల్లవాళ్లు ఓడ దిగిన ఘట్టాన్ని నాటకంగా ఆడించారు. నగరంలోని ఆదివాసులు వేషం కట్టం పొమ్మంటే, ఎక్కడో దూరాన ఉన్నవారిని తెచ్చి, పోలీసు బ్యారక్‌లలో ఉంచి మరీ ఆడించారు.

ఆ తేదీయే నేటికీ ఆస్ట్రేలియా జాతీయ దినం. దాన్ని మార్చి తీరాలి.

1788లో బ్రిటిష్ కెప్టెన్ ఆర్థర్ ఫిలిప్ జెండా పాతింది ఖైదీల వలస కోసం. దేశం ఏర్పడింది ఆరు వలస ప్రాంతాలు ఒక్కటైన 1901 జనవరి 1న. ఆ నేల ఎవరిదీ కాదన్న వాదాన్ని 1992లో మాబో తీర్పుతో అక్కడి హైకోర్టే కొట్టేసింది. తరతరాల ఆచారం అందామా? రాష్ట్రాలన్నీ సరిగ్గా 26వ తేదీనే సెలవివ్వడం 1994లో మొదలైంది. ముప్పై ఏళ్ల అలవాటు కోసం, సొంత నేల పోగొట్టుకున్నవారిని ఏటా ఏడిపించడం అన్యాయం.

తేదీ విలువ మనకు బాగా తెలుసు. 1949 నవంబర్ 26న ఆమోదించిన రాజ్యాంగాన్ని పూర్తిగా అమల్లోకి తేవడానికి రెండు నెలలు ఆగాం. 1930లో పూర్ణ స్వరాజ్య ప్రతిజ్ఞ చేసిన రోజు కాబట్టి జనవరి 26ను కోరి ఎంచుకున్నాం. అది మనం పెట్టుకున్న ముహూర్తం. ఆస్ట్రేలియా ఆదివాసులకు అదే తేదీ నెత్తిన పడింది.

అందుకే ఈ మాట అక్కడి తెలుగువారికీ చెబుతున్నాం. ఆ రోజు పొద్దున మువ్వన్నెల జెండాకు వందనం చేసి, ఆ రోజే ఆస్ట్రేలియా పౌరసత్వ ప్రమాణం చేసే మనవాళ్లున్నారు. ఆ ప్రమాణ సభలను ఆ రోజు జరపబోమన్నందుకు 2017లో మెల్‌బోర్న్‌లోని యారా, డేర్‌బిన్ కౌన్సిళ్లకు పౌరసత్వ సభలు నిర్వహించే అధికారమే తీసేశారు. 2022 చివర్లో ఆ పట్టు సడలింది. మూడు రోజులు అటూ ఇటూగా పెట్టుకోవచ్చన్నారు. మీ కౌన్సిల్ ఇంకా 26నే పట్టుకుని ఉంటే, వేరే రోజు పెట్టమని అడగండి.