ఒక్క సీటు పార్టీ, మా ఊరి వార్డు

"చిన్న పార్టీకి ఓటేస్తే ఓటు దండగ బాసూ!"

ఎన్నికలొచ్చిన ప్రతిసారీ మా ఆఫీసు క్యాంటీన్లో ఎవరో ఒకరు ఈ మాట అంటారు. చాలాసార్లు ఆ అన్నవాడికి ఓటరు కార్డే ఉండదు, అది వేరే సంగతి. నేనేమో ప్రతిసారీ ఆవేశపడిపోయి వాదిస్తాను. ఈ మధ్య మాత్రం నోరు తెరిచే ముందు కాస్త ఆగుతున్నాను. అప్పట్లో దండగయ్యింది ఓటు కాదేమో, ఇంకేదో అయ్యుంటుందని అనుమానం పట్టుకుంది. అదేమిటో చెప్పాలంటే 2009కి వెళ్ళాలి.

మా ఊరు అత్వెల్లి. మేడ్చల్ దాటగానే హైవే మీద వస్తుంది. (అప్పట్లో అది ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 44.) నేను మాత్రం కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో హాస్టల్లో ఉండేవాణ్ణి. మాంద్యం దెబ్బకి మా బ్యాచ్‌లో సగం మంది బెంచి మీద ఉన్న రోజులవి. చేతిలో పని లేదు, కడుపులో కోపం ఉంది. సరిగ్గా అప్పుడే మా పక్కనే జయప్రకాశ్ నారాయణ పోటీకి దిగారు. ఐఏఎస్ వదులుకుని 1996లో లోక్‌సత్తా ఉద్యమం మొదలుపెట్టి, 2006 అక్టోబరు 2న దాన్ని పార్టీగా మార్చిన మనిషి. డబ్బు పంచం, మందు పొయ్యం అని చెప్పి మరీ ఓటడుగుతున్నాడు. మాలాంటి వాళ్ళకి ఇంకేం కావాలి? శని, ఆదివారాలు కరపత్రాలు పట్టుకుని అపార్ట్‌మెంట్ల మెట్లెక్కాం. లిఫ్టు వాడొద్దని వాచ్‌మన్ తిట్టాడు కూడా.

ఆ ఊపులోనే ఉగాదికి ఊరెళ్ళాను. అరుగు మీద మా కాక కూర్చుని ఉన్నాడు. మంచి శ్రోత దొరికాడు కదా అని అరగంట ఉపన్యాసం ఇచ్చాను. అవినీతి, స్థానిక ప్రభుత్వాలకు అధికారాలు, పోలీసు సంస్కరణలు... అన్నీ. కాక ఓపిగ్గా విని అడిగాడు:

"మంచిగనే చెప్తున్నవ్ బిడ్డా. గని మనూర్ల మీ పార్టీ మనిషెవలు? పింఛన్ ఆగితే ఎవలింటికి పోవాలె? ఠాణాల పంచాయితీ పడితే ఎవలొస్తరు?"

"అట్ల ఎవలింటికీ పోయే పనిలేకుండ చెయ్యాలన్నదే మా పార్టీ కాకా. వ్యవస్థే పని చెయ్యాలె" అన్నాను గర్వంగా.

"సరే. గప్పటిదాంక?"

నా దగ్గర సమాధానం లేదు. పాతకాలం మనిషి, ఈయనకి అర్థం కాదులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఏప్రిల్ 16న పొద్దున్నే ఊళ్ళో ఓటేసి, బస్సెక్కి మధ్యాహ్నానికల్లా కూకట్‌పల్లి చేరాను. మే 16న ఫలితాలొచ్చాయి. జేపీ పదిహేను వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. రాత్రంతా హాస్టల్లో గోల. తెల్లారి పేపర్లో మొత్తం లెక్క చూసేసరికి ఆ ఉత్సాహమంతా పోయింది. 246 చోట్ల పోటీ చేస్తే వచ్చింది ఆ ఒక్క సీటే.

ఆ లెక్క ఒకసారి చూడండి, మనం అంకెలతో బతికేవాళ్ళమే కదా. మొత్తం 294 సీట్లలో కాంగ్రెస్‌కి 156, తెలుగుదేశానికి 92. ప్రజారాజ్యానికి నూటికి 16 మంది ఓటేస్తే 18 సీట్లొచ్చాయి. లోక్‌సత్తాకి నూటికి ఇద్దరు కూడా వెయ్యలేదు, ఒక సీటు. మజ్లిస్‌కి నూటికి ఒక్కరు కూడా వెయ్యలేదు, ఏడు సీట్లు!

ఇదేం న్యాయం అని అప్పట్లో నేనూ గింజుకున్నాను. దామాషా పద్ధతి రావాలని వాదించాను, ఇప్పటికీ వాదిస్తాను. కానీ రూల్సు అందరికీ ఒకటే కదా. మన దగ్గర ప్రతి నియోజకవర్గంలో మొదట వచ్చినవాడికే సీటు. రెండో స్థానానికీ పదో స్థానానికీ తేడా లేదు. అలాంటి చోట రాష్ట్రమంతా పలచగా పరుచుకున్న పార్టీ ఓడుతుంది, ఒక్కచోట చిక్కగా ఉన్న పార్టీ గెలుస్తుంది. మజ్లిస్ ఆ తరవాత 2014, 2018, 2023లో కూడా అవే ఏడు సీట్లు తెచ్చుకుంది. వాళ్ళ రాజకీయం నచ్చుతుందా లేదా అన్నది వేరే చర్చ. కానీ పాతబస్తీలో ఎవరికి ఏ కష్టమొచ్చినా దారుస్సలాం వెళ్తే అక్కడ వాళ్ళ ఎమ్మెల్యేలు కూర్చుని ఉంటారు. అంటే మా కాక అడిగిన ప్రశ్నకి వాళ్ళ దగ్గర ఒక చిరునామా ఉంది. మా దగ్గరేమో మేనిఫెస్టో ఉంది.

రెండో దారి పొత్తు. జనసేన సంగతే చూడండి. 2019లో పెద్ద పార్టీలతో పొత్తు లేకుండా దిగితే ఆరు శాతం లోపు ఓట్లు, ఒకే ఒక్క సీటు. 2024లో తెలుగుదేశం, బీజేపీలతో కలిసి 21 చోట్ల పోటీ చేస్తే 21కి 21. ఓట్లు ఏడు శాతం లోపే! పెరిగినవి ఓట్లు కాదు, కూడికలో పక్కన ఉన్న అంకెలు.

కానీ పొత్తుకీ విలీనానికీ తేడా ఉంది. దీనికి మా మేడ్చల్ కంటే మంచి ఉదాహరణ ఉండదు. 1994 నుంచి వరసగా మూడుసార్లు మా ఎమ్మెల్యే, హోం మంత్రిగా చేసిన దేవేందర్ గౌడ్ 2008లో తెలుగుదేశం వదిలి నవ తెలంగాణ పార్టీ పెట్టారు. మా ఊళ్ళో కొన్నాళ్ళు ఎక్కడ చూసినా అదే చర్చ. ఏడాది తిరక్కుండానే ఆ పార్టీ ప్రజారాజ్యంలో కలిసింది. ఎన్నికలయ్యాక ఆయన మళ్ళీ తెలుగుదేశానికి వెళ్ళిపోయారు. 2011లో ప్రజారాజ్యమే కాంగ్రెస్‌లో కలిసిపోయింది. పార్టీ పేరు గోడ మీద ఆరకముందే మూడు రంగులు మారాయన్నమాట. తెరాసని చూడండి. 2004లో కాంగ్రెస్‌తో, 2009లో తెలుగుదేశంతో పొత్తు పెట్టుకున్నా ఎవరిలోనూ కలవలేదు. 2009లో వచ్చినవి పది సీట్లే. అయినా తెలంగాణ అన్న ఒక్క ప్రశ్నని పట్టుకుని వేలాడారు, ఆ ప్రశ్న ప్రతి పల్లెకీ అర్థమైంది. అయిదేళ్ళ తరవాత 119లో 63 సీట్లతో ప్రభుత్వమే పెట్టారు.

"అయితే లోక్‌సత్తా ఏమీ సాధించలేదా?" అంటే, అదీ తప్పే. సీట్లు లేనప్పుడే ఎక్కువ సాధించింది. 1999 ఎన్నికల్లోనే నేర చరిత్ర ఉన్న అభ్యర్థుల జాబితాలు బయటపెట్టి పెద్ద పార్టీలకి చెమటలు పట్టించింది. అభ్యర్థులు తమ కేసులూ ఆస్తులూ అఫిడవిట్‌లో రాసివ్వాలని సుప్రీంకోర్టు 2002, 2003లో తేల్చడానికి ముందు దేశమంతా జరిగిన ప్రచారంలో తెలుగు గొంతు లోక్‌సత్తాదే. ఇవాళ మనం నెట్‌లో ఎమ్మెల్యేల ఆస్తులు చూసి జోకులేసుకుంటున్నామంటే దాని వెనక ఆ పని ఉంది. అసెంబ్లీలో ఒక్కడే ఉన్నా బడ్జెట్ మీద జేపీ మాట్లాడుతుంటే అవతలి పక్షాలవాళ్ళు కూడా వినేవారు. వినడం వేరు, ఓటింగ్ వేరు. 294 మందిలో ఒక్క చెయ్యి లేస్తే ఏ బిల్లూ ఆగదు. 2011 ఫిబ్రవరిలో అదే అసెంబ్లీ ఆవరణలో ఆయన మీద చేయి చేసుకుంటే అడ్డుపడటానికి పక్కన సొంత పార్టీ ఎమ్మెల్యే ఒక్కరు లేరు.

ఇక నా సంగతి. ఇది చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

2013 జులైలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మా వార్డు జనరల్‌కి వచ్చింది. కాక ఫోన్ చేశాడు. "నాల్గేండ్ల సంది మీ పార్టీ ముచ్చట చెప్తున్నవ్ గద, నువ్వే నిలబడరాదు? వార్డు మెంబరే గద, గెలిపిచ్చుకుంటం" అన్నాడు. పంచాయతీ ఎన్నికలకి పార్టీ గుర్తులుండవు, పెద్ద ఖర్చూ ఉండదు. చదువుకున్న పిల్లగాడని ఊళ్ళో నాలుగు ఇళ్ళవాళ్ళకి మంచి అభిప్రాయమే ఉంది.

నేను నవ్వేశాను. ఆ నెల రిలీజ్ ఉంది, ఆన్‌సైట్ మాట నడుస్తోంది. "వార్డు మెంబరా!" అనుకున్నాను లోపల. రాష్ట్ర రాజకీయాలు మార్చాలనుకునేవాడికి వీధి కుళాయి పంచాయితీ ఏమిటి? 'స్థానిక ప్రభుత్వాలకు అధికారాలు' అని అరుగు మీద ఉపన్యాసం ఇచ్చిన నోటితోనే, చూశారా!

2014లో జేపీ మల్కాజిగిరి లోక్‌సభకి పోటీ చేశారు. మేడ్చల్ అందులోనిదే. అంటే మొట్టమొదటిసారి అత్వెల్లి బూతులో జేపీ పేరు ఉంది. ఏప్రిల్ 30న పోలింగ్ జరుగుతుంటే నేను అట్లాంటిక్ అవతల ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, హైదరాబాద్‌లో పోలింగ్ శాతం తక్కువని మిత్రులతో చాట్‌లో తిట్టుకుంటున్నాను. ఓటర్ల సంఖ్యలో దేశంలోకెల్లా పెద్ద నియోజకవర్గం అది. లక్షన్నర పైచిలుకు ఓట్లొచ్చాయి, సీటు రాలేదు. తెలుగుదేశం తరఫున మల్లారెడ్డి గెలిచారు. 2016లో లోక్‌సత్తా ఎన్నికల రాజకీయాలకి దూరంగా ఉంటామని ప్రకటించింది. అప్పుడు మా గ్రూపులో అందరం బాధపడ్డాం. "ఈ జనం మారరు" అని ఒకడు రాస్తే నేను వెంటనే అవునన్నాను.

జనం సంగతి సరే, మనమేం చేశాం? టెస్టింగ్ లేకుండా, సపోర్ట్ టీమ్ లేకుండా 246 చోట్ల ఒకేసారి ప్రొడక్షన్‌లోకి వెళ్ళే ప్రాజెక్టుకి మనం ఆఫీసులో సంతకం పెడతామా? పది చోట్ల పైలట్ చెయ్యమంటాం. పార్టీ దగ్గరికొచ్చేసరికి ఆ బుర్ర ఎక్కడికి పోయిందో! తప్పు నాయకత్వానిది కూడా, కాదనను. పది నియోజకవర్గాల్లో పదేళ్ళు కూర్చోవాల్సింది రాష్ట్రమంతా పరిగెత్తారు. కానీ కూర్చోవడానికి మనుషులు కావాలి కదా. విరాళాలిచ్చాం, ఫార్వర్డులు పంపాం, ఓటేశాం (వేసినప్పుడు). పింఛన్ ఆగిన ముసలావిడతో మండలాఫీసుకి వెళ్ళింది ఎవరు? ఆ పని చేసినవాడు ఏ పార్టీ వాడైనా ఆవిడ ఓటు వాడికే. అది అమ్ముడుపోవడం కాదు, నా దృష్టిలో న్యాయమైన బేరం.

అందుకే నా అభిప్రాయం ఇది. రాష్ట్ర రాజకీయాల్లో చిన్న పార్టీ పని ప్రభుత్వం పెట్టడం కాదు. పెద్ద పార్టీలు తప్పించుకుందామనుకునే ప్రశ్న ఒకటి పట్టుకుని, కొద్ది ఊళ్ళలోనైనా దానికి జవాబు చేసి చూపించాలి. పొత్తు కావాలంటే ఆ ప్రశ్నకి ధర కట్టి పెట్టుకోవాలి, పార్టీని మాత్రం ఎవరిలోనూ కలపకూడదు. అలాంటి పార్టీకి వేసిన ఓటు ఓడినా దండగ కాదు. అయితే ఓటు ఒక్కటే వేసి ఊరుకుంటే ఆ పార్టీ బతకదు. మా కాక అడిగిన "గప్పటిదాంక?" అన్న ప్రశ్నకి జవాబు మేనిఫెస్టోలో దొరకదు. ఊళ్ళో ఒక మనిషి ఉండాలి. 2013లో మా వార్డు వరకూ ఆ మనిషిని నేనే అయ్యుండాలి.

మొన్న ఊరెళ్ళినప్పుడు కాకతో ఇదే అన్నాను. ఆయనకి నేను ఫోన్లో నవ్విన సంగతి గుర్తే లేదు. "అప్పుడు మొగిలన్నా గెలిచెటోనివో, గెల్వకపోదువో" అని, "శాయ్ తాగుతవా?" అన్నాడు.

క్యాంటీన్లో ఈసారి ఎవడైనా ఓటు దండగ అంటే వాదించను. వాడి వార్డు నుంచి ఎవరు గెలిచారో పేరు చెప్పమంటాను. మీరూ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. నాకైతే మా వార్డు ఆయన పేరు తెలిసి ఆరు నెలలే అయింది.