రసీదు మీద ధర ఉంటుంది, తేదీ ఉండదు

ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే రోడ్డు మీద మాది ఏరియేటర్ల షాపు. సరుకు, బేరం మా ఆయన చూసుకుంటారు. రసీదు పుస్తకం, ఫోను నావి. అందుకే "ఎప్పుడొస్తాయమ్మా?" అనే ప్రశ్న రోజూ నా చెవినే పడుతుంది. మా వ్యాపారంలో దానికి అలవాటైన జవాబు ఒకటుంది: "లోడు బయల్దేరిందండి, రేపో ఎల్లుండో." ఆ జవాబు మానేయాలనే ఈ రాత. ధర రాసినట్టే తేదీ కూడా రాసివ్వాలి.

చెరువులు లేని ఊళ్ళవాళ్ళకు ఒక మాట. ఏరియేటరంటే చెరువు నీళ్ళను చిలికి గాలి కలిపే యంత్రం. మోటారు, గేర్ బాక్సు, షాఫ్టు, చక్రాలు, కింద ఫ్లోట్లు. నీళ్ళలోని నాచు పగలు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి తిరిగి అదే పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకు నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటుతుంది, ముందురోజు మబ్బు పట్టి ఉంటే మరీను. అందుకే రొయ్యల రైతు ఆ వేళ టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరుగుతుంటాడు. యంత్రం పదిరోజులు ఆలస్యమైతే మాకు పోయేదేమీ లేదు. ఆయనకు ఒక్క రాత్రిలో పంట పోవచ్చు.

మా షాపు ముందు నుంచే చేపల లారీలు హౌరాకు పోతాయి. పట్టుబడి ఎన్నింటికి మొదలెట్టాలి, ఎంత ఐసు వెయ్యాలి, ఒడిశా ఎప్పటికి దాటాలి, అన్నీ గంటల్లో లెక్క. తాడేపల్లిగూడెం ఉల్లి వ్యాపారిని సరుకేదని అడగండి, లారీ ఏ ఊరు దాటిందో చెబుతాడు. వాళ్ళు మాకంటే సత్యవంతులనేం కాదు. ఐసు కరుగుతుంది, ఉల్లి కుళ్ళుతుంది, ఆలస్యమైతే చెయ్యి కాలేది వాళ్ళకే. మా మోటారు కరగదు, కుళ్ళదు. అందుకే మా నోట "రేపు" అంత తేలిగ్గా వస్తుంది.

తేదీ చెప్పడం కుదరదనేది ఒట్టిమాట. మేమమ్మే వాటిలో గేర్ బాక్సులు చైనావి. ఓడెక్కితే చెన్నైకి రెండు మూడు వారాలు, పోర్టులో క్లియరెన్సు, అక్కణ్ణుంచి ఐదొందల కిలోమీటర్ల లారీ ప్రయాణం. అన్నిటికన్నా పెద్ద లెక్క చైనావాళ్ళ కొత్త సంవత్సరం. అది జనవరి ఆఖరి పదిరోజులకూ ఫిబ్రవరి ఇరవైకీ మధ్య వస్తుంది. 2025లో జనవరి 29న వచ్చింది. పనివాళ్ళు సొంతూళ్ళకు పోతే ఫ్యాక్టరీలు మళ్ళీ పుంజుకోవడానికి వారాలు పడుతుంది. సరిగ్గా అప్పుడే మన దగ్గర వేసవి పంటకు చెరువులు సిద్ధం చేస్తుంటారు. సంక్రాంతి లోపు ఓడెక్కని గేర్ బాక్సు మార్చిలో చేతికొస్తే గొప్ప. క్యాలెండరులో ఉన్న సంగతే ఇది. తెలిసి కూడా ఫిబ్రవరిలో "రేపు" అంటే దాన్ని పొరపాటని నేననను. 2021 మార్చిలో ఎవర్ గివెన్ ఓడ సూయజ్ కాలువకు అడ్డం పడినప్పుడు మా వ్యాపారంలో కొందరు నెపం దానిమీదికి నెట్టారు. చైనా నుంచి చెన్నై వచ్చే ఓడకు సూయజ్‌తో పనేమిటో వాళ్ళే చెప్పాలి!

సరుకు ఏలూరు చేరడం వేరు, గట్టు చేరడం వేరు. నల్లమట్టి గట్టు మీద ఒక్క వాన పడితే టాటా ఏస్ ఎక్కదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ కొల్లేరు సరస్సులో కలిసేవే, సముద్రానికి దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద దిగినప్పుడు కొల్లేరు పొంగి కైకలూరు రోడ్డు మీద నీళ్ళు నిలిచి రాకపోకలు ఆగిపోయాయి. అందుకని వానాకాలం రసీదులో నేనో వారం కలిపి రాస్తాను. "పక్క షాపులో రేపే ఇస్తామంటారు, నువ్వు వారం కలుపుతావు, ఇంక బేరాలెలా నిలుస్తాయి?" అని మా ఆయన గొడవ. నిజమే, కొన్ని నిలవవు.

వ్యాపారంలో ఇంకో కిటుకుంది, చెబితే మావాళ్ళకు కోపమొస్తుంది. ఫ్లోట్లు, ఫ్రేములు ముందే తెచ్చి గట్టు మీద పడేస్తారు. మోటార్లు ఎక్కడున్నాయో దేవుడికెరుక. కళ్ళెదుట సగం సరుకు కనబడుతుంటే రైతు అడ్వాన్సు వెనక్కి అడగలేడు, ఇంకో షాపుకూ పోలేడు. తీరా మోటార్లు దిగాక అవి ముందు వెళ్ళేది యాభై ఎకరాల ఆసామికి. మూడెకరాల కౌలు రైతు వరస వెనక్కి జరుగుతుంది.

రైతులూ మాట మారుస్తారు, కాదనను. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాల కబురు రాగానే రొయ్య ధర పడింది, చెరువులో రొయ్యపిల్ల దించడం మానుకున్నవాళ్ళు ఆర్డర్లూ వద్దన్నారు. అయినా చేతిలో నిజమైన తేదీ ఉన్న రైతుకు దారులుంటాయి. పిల్ల పలచగా వేసుకుంటాడు, లేదా పక్షం ఆగుతాడు, లేదా పాత ఏరియేటర్లు అద్దెకు తెచ్చుకుంటాడు. మేమూ రిపేరు చేసినవి కొన్ని ఉంచుకుని, చెప్పిన తేదీ దాటితే కొత్తవి వచ్చేదాకా అద్దె లేకుండా ఇస్తున్నాం. "రేపు" నమ్మినవాడు మాత్రం నిండుగా పిల్ల వేసేసి కూర్చుంటాడు.

చట్టం లేకపోలేదు. గడువు రాసుకోకపోతే సమంజసమైన సమయంలో సరుకు పంపాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 36వ సెక్షన్ అంటుంది. ఏది సమంజసమో తేలేలోపు రెండు పంటలు అయిపోతాయి. సొంత కష్టంతో బతుకుతెరువు కోసమే కొనుక్కున్నవాడు వినియోగదారుడే అవుతాడని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. కానీ వినియోగదారుల కమిషన్ ముందుకు వెళ్ళాలంటే చేతిలో కాగితం ఉండాలి, ఆ కాగితం మీద తేదీ ఉండాలి. ఆక్వా సాగు కోసం 2020లో రాష్ట్రంలో చట్టం చేసి అప్సడా అనే సంస్థను పెట్టారు కదా, ఏరియేటర్ల రసీదుకు ఒక నమూనా వాళ్ళే ఇవ్వచ్చు. అందులో ఆర్డరు వరస నంబరు, మోటారుకూ గేర్ బాక్సుకూ విడివిడిగా ఇప్పుడు ఎక్కడున్నదీ, గట్టుకు చేరే తేదీ, తప్పితే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిచ్చేదీ ఉంటే చాలు. ఆఖరి గడి నింపడానికే మావాళ్ళు ఎక్కువ గింజుకుంటారు.