డేట్ అయిపోయినవి పనామెకి ఎందుకండీ?

"డేట్ అయిపోయిందే! పారేయడం ఎందుకు, పనామెకి ఇచ్చెయ్." మా ఖమ్మంలో ఈ మాట వినపడని వీధి ఉందంటే నేను నమ్మను. నాకు కోపం వచ్చేది ఈ మాట మీదే. ఆ ప్యాకెట్ బాగుంటే మనమే తినొచ్చు కదా? బాగాలేకపోతే ఆమె పిల్లలు మాత్రం ఎలా తింటారు?

ముందు ఆ తేదీ సంగతి చూద్దాం. 'బెస్ట్ బిఫోర్' అంటే అప్పటిదాకా రుచి, కరకర తగ్గవని కంపెనీ ఇచ్చే మాట. 'ఎక్స్‌పైరీ', 'యూజ్ బై' అంటే ఆ తర్వాత నాణ్యతకీ భద్రతకీ పూచీ లేదని. 2020 లేబులింగ్ నిబంధనల్లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఎక్స్‌పైరీని తప్పనిసరి చేసి, బెస్ట్ బిఫోర్‌ని కంపెనీల ఇష్టానికి వదిలేసింది. దాంతో కందిపప్పు మీదా అదే మాట, పనీర్ మీదా అదే మాట. రెండూ ఒకటేనా చెప్పండి?

తేమ లేని చోట సూక్ష్మజీవులు పెరగలేవు. మన పెద్దవాళ్ళకి ఇది లేబుల్ లేకుండానే తెలుసు. భద్రాచలం అడవి వైపు కోయ ఇళ్ళలో వేసవిలో ఏరిన ఇప్పపువ్వును ఎండబెట్టి దాచుకుంటారు. మన చింతపండు, ఆవకాయ ఏడాది నిలవుంటాయి. పురుగు, బూజు, ముక్కిన వాసన లేకపోతే డేట్ దాటి నెలయిన కందిపప్పును నేను నిశ్చింతగా వండుతాను. పాలు, పనీర్, మాంసం, చంటిపిల్లల పొడుల దగ్గర మాత్రం ఒక్క రోజు కూడా చూసీచూడనట్టు ఉండను.

"మా అమ్మమ్మ వాసన చూసి చెప్పేసేది" అంటారా? బూజు వల్ల వేరుశనగ, మొక్కజొన్నల్లో చేరే అఫ్లాటాక్సిన్ అనే విషం వాసనకి దొరకదు, వేయించినా పూర్తిగా పోదు. అది కాలేయాన్ని తినేస్తుంది. కాబట్టి ముక్కు ఒక్కటే చాలదు.

తేదీ ఒక్కటే కూడా చాలదు. ప్యాకెట్ విప్పకుండా, దాని మీద రాసినట్టు చల్లగా పొడిగా ఉంచితేనే ఆ అంకెకి విలువ. మే నెల ఎండలో రేకుల కింద పడున్న నూనె ప్యాకెట్ గడువులోపలే పాడవ్వచ్చు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. అలాంటి వరదనీళ్ళు తాకిన పిండి ప్యాకెట్‌కి ఇంకా ఆరు నెలల గడువున్నా పారేయాల్సిందే.

ఎక్స్‌పైరీ దాటినది అమ్మకూడదని చట్టం ఎందుకు చెప్పింది? మన డబ్బాలో పప్పు ఎలా ఉందో మనకి తెలుసు. సంతలో సగం ధరకి కొనుక్కునే తల్లికి ఆ ప్యాకెట్ ఎక్కడెక్కడ పడి వచ్చిందో తెలియదు. పనామె సంగతీ అంతే. పైగా ఆమె మనతో "వద్దమ్మా" అనలేదు. చట్టం కొట్టువాడికి ఒప్పుకోని పనిని మనం దానం పేరుతో చేస్తున్నాం.

ఇవ్వాలనుంటే గడువుండగానే ఇవ్వండి. ఈ నెలలో డేట్ అయిపోయేవి ఏవో ఇవాళే అరలు వెతికి చూడండి. దాటిపోయినవాటిని మీ పిల్లల కంచంలో పెట్టగలిగితే మీరే వండుకోండి. పెట్టలేకపోతే చెత్తబుట్టలో వేయండి. ఈ రెండే దారులు. పనామె సంచి మూడో దారి కాదు.