అమ్మమ్మ క్యాసెట్టు, పక్కింటాయన గ్యారేజీ

పోయినేడాది మా మరదలి పురుడికని కాలిఫోర్నియా వెళ్ళి మూడు నెలలు ఉండి వచ్చాను కదా, ఆ కబుర్లు ఇంకా రాయలేదేమని అడుగుతున్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అందుకని నేను వెళ్ళాను. పథ్యం కారప్పొడులు తీసుకెళ్ళిన కథ, విమానాశ్రయంలో శొంఠి పొట్లం విప్పించిన కథ ఇంకోసారి చెప్తాను. ముందు మా తమ్ముడి పక్కింటాయన గ్యారేజీ గురించి చెప్పాలి. ఎందుకంటే దాని మూలంగా నేను ఒక పాత తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఆయనకి డెబ్బై దాటి ఉంటాయి. కారు బయటే ఎండకి ఉంటుంది, గ్యారేజీ నిండా క్యాసెట్లు. కొత్త సినిమా పాటల క్యాసెట్లనుకునేరు, కాదు. అన్నీ ఖాళీ క్యాసెట్లు కొని నింపుకున్నవి. ప్రతిదాని మీదా చేతిరాతతో తేదీ, ఊరు, హాలు పేరు, ఆ రోజు ఏ పాట తర్వాత ఏ పాట వాయించారో వరస. గోడ పొడుగునా ఒకే ఒక్క బృందం. పేరు గ్రేట్‌ఫుల్ డెడ్. 1965లో ఆ శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలే మొదలై, ముప్ఫయ్యేళ్ళలో సుమారు 2,300 కచేరీలు చేసి, ముఖ్య గాయకుడూ గిటారిస్టూ అయిన జెర్రీ గార్షియా 1995లో పోవడంతో ఆ పేరుతో ఆగిపోయారు. నేను ఇండియా నుంచి వచ్చానని తెలియగానే ఆయన అన్న మొదటి మాట ‘జాకిర్ హుస్సేన్’. వాళ్ళ డ్రమ్ములాయన మిక్కీ హార్ట్, మన జాకిర్ హుస్సేన్ కలిసి 1976లో డిగా రిథమ్ బ్యాండ్ అనీ, 1991లో ప్లానెట్ డ్రమ్ అనీ రికార్డులు చేశారట. నా వచ్చీరాని ఇంగ్లీషుకి ఆ ఒక్క పేరు వంతెన అయింది.

‘ఒకే పాట ఇన్నిసార్లు ఎందుకండీ?’ అని అడిగాను. మీరైనా అడుగుతారు. ఆయన రెండు వినిపించాడు. డార్క్ స్టార్ అనే పాట 1968లో రికార్డుగా వచ్చినప్పుడు మూడు నిమిషాలు కూడా లేదు. మరుసటేడు వాళ్ళే కచేరీలో వాయించి విడుదల చేసింది ఇరవై మూడు నిమిషాలు. నిజం చెప్పొద్దూ, మొదటి పది నిమిషాలు వీళ్ళింకా శ్రుతి చూసుకుంటున్నారనే అనుకున్నాను. తర్వాత మెల్లిగా తెలిసింది. మన త్యాగరాజ కీర్తన ఒక్కటే అయినా నిన్నటి నెరవలు ఇవాళ రాదు కదా, అలాగన్నమాట. రేపు ఏం వాయిస్తారో వాళ్ళకే తెలియదు. ఆ పూట పోతే ఆ పూటే. అందుకని జనం టేపులు పట్టుకెళ్ళారు.

ఇక్కడే నాకు ఆసక్తి కలిగింది. మామూలుగా పాడేవాళ్ళు రికార్డు చేయనివ్వరు. వీళ్ళు పెద్దగా అడ్డు చెప్పలేదు సరికదా, 1984లో టికెట్లలోనే టేపులు చేసుకునేవాళ్ళకి వేరే భాగం కేటాయించారు. పొడుగాటి కర్రలకి మైకులు కట్టి నిలబెడితే వెనకవాళ్ళకి స్టేజీ కనపడటం లేదని గొడవట. సరే, మీరందరూ ఒకచోట కూర్చోండన్నారు. షరతు ఒక్కటే, అమ్ముకోకూడదు. కావాలంటే మార్చుకోండి, ఊరికే ఇవ్వండి. కొత్తవాళ్ళ దగ్గర మార్చుకోవడానికి ఏమీ ఉండదు కనుక, ఖాళీ క్యాసెట్లూ తిరుగు తపాలా ఖర్చూ పంపిస్తే చాలు, ముక్కూ మొహం తెలియని మనిషి కూర్చుని నకలు తీసి పంపేవాడు. తొంభై నిమిషాల క్యాసెట్టుకి తొంభై నిమిషాలు పట్టే రోజులవి. నకలుకి నకలు తీస్తే బుస్సుమనే చప్పుడు పెరుగుతుందని మనకీ తెలుసు. అందుకని ఇది అసలు నుంచి ఎన్నో నకలో కూడా వాళ్ళు అట్ట మీద రాసేవారు. అంత నిజాయితీ!

మన ఆడవాళ్ళందరూ తెలుసుకోవలసిన ఒకావిడ కథ కూడా ఉంది ఇందులో. పేరు బెట్టీ కాంటర్. ఆ రోజుల్లో సౌండు పెట్టెల దగ్గర ఆడపిల్ల కూర్చోవడమే అరుదు. ఆవిడ ఆ బృందం దగ్గర పని చేస్తూ కచేరీలు పెద్ద టేపుల మీద ఎంతో శ్రద్ధగా రికార్డు చేసింది. తర్వాత ఆ పని పోయింది, డబ్బు కష్టాలు వచ్చాయి. టేపులు పెట్టుకున్న గోదాముకి అద్దె కట్టలేకపోతే 1986లో వాటిని వేలం వేసేశారు. కొన్నవాళ్ళ దగ్గర్నుంచి అభిమానుల చేతుల్లోకి, అక్కడి నుంచి నకళ్ళుగా దేశమంతా పాకాయి. ఇప్పటికీ అభిమానులు వాటిని ఆవిడ పేరుతోనే ‘బెట్టీ బోర్డ్స్’ అంటారు. వాటిలో ఒకటి 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగిన కచేరీ. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ దాన్ని భద్రపరచవలసిన రికార్డింగుల 2011 జాబితాలో చేర్చింది. బృందం తరఫున అధికారికంగా విడుదలైంది 2017లో, అంటే నలభై ఏళ్ళకి. ఈ నలభై ఏళ్ళూ దాన్ని బతికించింది ఎవరు? ఖాళీ క్యాసెట్టూ తపాలా బిళ్ళలూ పంపుకున్న మనుషులు. (ఇంత చేసిన ఆవిడకి ఆ గోదాము అద్దె ఎవరో ఒకరు కట్టి ఉండకూడదా అని నా బాధ. అది వేరే సంగతి.)

ఆ కథ విని తమ్ముడింటికి వచ్చి పాలు కాస్తూ నిలబడ్డాను. పాలు పొంగిపోయాయి. మా అమ్మమ్మ క్యాసెట్టు గుర్తొచ్చింది మరి.

మా అమ్మమ్మ మంచి పాటకత్తె. లాలి పాటలు, మంగళహారతులు, తలుపు దగ్గరి పాటలు, అప్పగింతల పాటలు, కృష్ణా జిల్లాలో మా ఊరి చుట్టుపక్కల ఏ పెళ్ళయినా బండి పంపించి తీసుకెళ్ళేవారు. 1992లో చిన్న మామయ్య కువైట్ నుంచి టూ ఇన్ వన్ తెచ్చి, మా అక్క పెళ్ళిలో అమ్మమ్మని కూర్చోబెట్టి తొంభై నిమిషాల క్యాసెట్టు నిండా పాడించాడు. క్యాసెట్టు పెద్ద మామయ్య ఇంట్లో బీరువాలోకి వెళ్ళింది. అందరూ నకలు అడిగారు. ‘పాడైపోతుంది, చేతులు మారితే తెగిపోతుంది’ అన్నాడు మామయ్య. నాలుగేళ్ళకి అమ్మమ్మ పోయింది. అప్పుడూ అడిగారు, అప్పుడూ అదే మాట. కలరా ఉండల మధ్య, పట్టుచీరల కింద పాతికేళ్ళకి పైగా పడుంది. అయిదేళ్ళ క్రితం మామయ్య పోయాక తీసి చూస్తే టేపు మీద తెల్లగా బూజు. ప్లేయర్లో పెడితే చుట్టుకుపోయి ముక్కలైంది.

ఇంక నా దొంగతనం చెప్తాను. 1994 వేసవి సెలవుల్లో నాకు పదిహేనేళ్ళు. మామయ్య ఊళ్ళోకి వెళ్ళినప్పుడు బీరువా తాళాలు దిండు కింద ఉన్నాయి. ఎదురింటి వాళ్ళకి రెండు క్యాసెట్లు పట్టే డెక్కు ఉండేది. నా దగ్గరున్న ఒక సినిమా పాటల క్యాసెట్టు పైన విరిగిపోయిన గంట్లలో కాగితం ఉండలు కుక్కి, దాని మీద అమ్మమ్మ పాటలు ఎక్కించడం మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలు ఎక్కిందో లేదో వీధిలో మామయ్య స్కూటరు చప్పుడు. అంతే, మిగతాది పోయింది. ఇవాళ ఈ భూమ్మీద మా అమ్మమ్మ గొంతు అంటూ ఉంటే ఆ ఇరవై నిమిషాలే. మధ్యలో వదిలేసిన హారతి పాట తర్వాత ఆ సినిమా పాట సగం నుంచి అందుకుంటుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను. మన ఇళ్ళల్లో జాగ్రత్త పేరుతో చాలా వాటిని చంపేస్తున్నాం. తాతగారి చేతిరాత పుస్తకం, పెళ్ళిపాటల నోటుబుక్కు, పాత క్యాసెట్టు, అన్నీ ఒక్క చోట, ఒక్కరి తాళం కింద. ఇస్తే తరిగిపోతుందని భయం. ఒక చోటే ఉంటే ఒక వాన, ఒక చెదపురుగు చాలు. ఆ అమెరికా వాళ్ళేమీ మనకంటే పుణ్యాత్ములు కారు, కాని వాళ్ళకి ఈ సంగతి తెలిసింది. నాకు మామయ్య మీద కోపం ముప్ఫయ్యేళ్ళు ఉంది. ఆ మాటే కుటుంబం గ్రూపులో రాసి, ఇరవై నిమిషాలూ పెట్టేద్దామని అమెరికాలోనే తీర్మానించుకున్నాను.

తిరిగొచ్చాక, పెట్టేముందు చెవులకి పెట్టుకుని మళ్ళీ పూర్తిగా విన్నాను. రెండో పాటకీ మూడో పాటకీ మధ్య ఎవరో ‘పెద్దకోడలిని కూడా ఒకటి పాడమనండి’ అంటారు. అమ్మమ్మ వెంటనే, ‘అది నోరు తెరిస్తే చెట్టు మీద కాకులు లేచిపోతాయి’ అంటుంది. పందిరంతా నవ్వు. అందులో మా అమ్మ నవ్వు తెలుస్తోంది. ఇంకొకటి సన్నగా, అందరూ ఆపాక కూడా ఆగకుండా. అది నాదే. పదమూడేళ్ళ నా నవ్వు.

ఎన్నిసార్లు విన్నానో ఈ టేపు, అక్కడెప్పుడూ ఆగలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ తర్వాత అత్తయ్య ఏ పేరంటంలోనూ పాట పాడగా నేను చూడలేదు. మామయ్య తాళం వేసింది క్యాసెట్టు అరిగిపోతుందనా, ఆ ఒక్క మాట ఊరంతా మోగుతుందనా? అడగటానికి ఆయన లేడు.

పంచాలి పంచాలి అని ఇంత సేపు చెప్పిన నేను అక్కడ చిక్కుకున్నాను. పక్కింటాయన చెప్పిన ఇంకో రెండు సంగతులు గుర్తొచ్చాయి. 1978లో ఆ బృందం ఈజిప్టు పిరమిడ్ల దగ్గర మూడు రాత్రులు వాయించింది. పియానో శ్రుతిలో లేదు, తమకే నచ్చలేదని ఆల్బమ్ మానుకున్నారు, 2008 దాకా బయటికి తేలేదు. 2005లో ఇంకో గొడవ. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఊరికే దింపుకునే కచేరీలు బృందం వాళ్ళు తీయించేశారు. అభిమానులు మండిపడ్డారు. బృందంలోనే ఫిల్ లెష్ అభిమానుల వైపు మాట్లాడాడు. చివరికి జనం మధ్య కూర్చుని చేసుకున్న టేపులు దింపుకోవడానికి తిరిగి పెట్టారు, సౌండు బోర్డు నుంచి తీసినవి మాత్రం వినడానికే ఉంచారు. అంతగా పంచినవాళ్ళకే హద్దు ఎక్కడన్నది తేలలేదు. ఇంతకీ వాళ్ళు స్టేజీ ఎక్కినవాళ్ళు. మా అత్తయ్య పందిట్లో కాఫీలు అందిస్తున్న మనిషి. మైకు ఉందని ఆవిడకి ఎవరు చెప్పారు?

దసరాకి వెళ్ళి ఫోను ఆవిడ చేతిలో పెట్టాను. డెబ్బై మూడేళ్ళు ఆవిడకి ఇప్పుడు. కళ్ళు మూసుకుని ఇరవై నిమిషాలూ వింది. ఆ మాట దగ్గర మొహం మారలేదు. అయిపోయాక, ‘మీ అమ్మమ్మ గొంతు అట్లానే ఉందే’ అంది. కాసేపాగి, ‘ఆ నవ్వుల్లో నీదీ ఉంది’ అంది. అవునన్నాను. తప్పయిందన్నాను. ఆవిడ దానికేమీ అనలేదు. ‘పాటలు అందరికీ పంపు. ఆ ముక్క వద్దు’ అని కందిపప్పు చేటలో పోసుకుంది.

మా అబ్బాయి పధ్నాలుగు సెకన్లు కోసి పెట్టాడు. కోసినచోట అమ్మమ్మ ఊపిరి కొంచెం తెగినట్టు వినపడుతుంది, ఆ పక్కింటాయన వింటే ఒప్పుకోడు. ముప్ఫై ఆరుగురికి పంపాను. చిన్న మామయ్య కూతురు ఆ లాలి పాట పాడి తిరిగి నాకే పంపింది, రెండు చరణాలు తప్పుగా. కోయనిది నా దగ్గర ఉంది. అది ఎక్కడుందో మా అమ్మాయికి చెప్పాను, అత్తయ్య ఉన్నన్నాళ్ళూ తెరవొద్దని కూడా చెప్పాను.