ఇది కల అని కలలోనే తెలిస్తే?

పరీక్ష హాలులో కూర్చున్నారు. ప్రశ్నపత్రం తిప్పి చూస్తే అక్షరాలు లేవు. కలంలో సిరా లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు గబగబా రాసేస్తున్నారు. మీకేమో చెమటలు పడుతున్నాయి. ఇంతలో అమ్మ తట్టి లేపింది. "హమ్మయ్య, కలా!" అని ఊపిరి పీల్చుకున్నారు.

ఇలాంటి కల ఒక్కసారయినా రాని విద్యార్థి అరుదు. అయితే ఇందులో ఒక వింత ఉంది, గమనించారా? పరీక్ష హాలు అచ్చం మీ మేనమామగారి పశువుల కొట్టంలా ఉంది. మూడో తరగతిలో ఊరు విడిచి వెళ్ళిపోయిన స్నేహితుడు పక్క బెంచీలో ఉన్నాడు. ఇవేవీ ఆ సమయంలో మీకు తప్పుగా తోచలేదు. మేలుకున్న తర్వాతగాని "అదెలా కుదురుతుంది?" అన్న ప్రశ్న పుట్టలేదు.

కొందరికి మాత్రం ఈ ప్రశ్న కలలోనే పుడుతుంది. "కొట్టంలో పరీక్ష ఏమిటి? ఓహో, ఇది కల!" అని తెలిసిపోతుంది. అయినా వాళ్ళు నిద్ర లేవరు. కల సాగుతూనే ఉంటుంది. ఒక్కోసారి వాళ్ళు కలను తమకు కావలసిన వైపు తిప్పగలుగుతారు కూడా. ఇలాంటి కలకు ఇంగ్లీషులో లూసిడ్ డ్రీమ్ అని పేరు. 1913లో ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ అనే డచ్చి వైద్యుడు, రచయిత ఈ పేరును ప్రచారంలోకి తెచ్చాడు. మనం దీన్ని "ఎరుక కల" అందాం. సోది చెప్పేవారి ఎరుక కాదు సుమా! తెలివిడి అనే అర్థంలో ఎరుక.

ఇది మహాపురుషులకే దక్కే విద్యేమీ కాదు. అంతకు ముందు 50 ఏళ్ళలో జరిగిన పరిశోధనలను కలిపి 2016లో లెక్క తీస్తే, అడిగినవారిలో సుమారు 55 శాతం మంది జీవితంలో ఒక్కసారయినా ఎరుక కల కన్నామన్నారు. కాబట్టి మీ తరగతిలో కూడా అలాంటివాళ్ళు ఉండవచ్చు.

దీన్ని నేర్చుకోవచ్చా? కొంతవరకు నేర్చుకోవచ్చు. నేర్చుకోవాలా? ఆసక్తి ఉంటే తప్పక ప్రయత్నించమనే నేనంటాను. కాని రెండు షరతులు. మొదటిది: దాన్ని ఒక ప్రయోగంగా చేయండి, మహిమగా భావించకండి. రెండోది: దానికోసం ఒక్క గంట నిద్రను కూడా బలిపెట్టకండి. ఈ రెండు షరతులూ ఎందుకో చెబుతాను.

కళ్ళు పంపిన సంకేతం

"నాకు కలలోనే అది కల అని తెలిసింది" అని ఎవరైనా అంటే నమ్మడం ఎలా? ఆ సమయంలో అతను కాసేపు మేలుకుని ఉండవచ్చు గదా! లేదా లేచాక అలా అనిపించి ఉండవచ్చు. చాలాకాలం శాస్త్రజ్ఞులు ఇలాగే సందేహించారు. ఆ సందేహం తప్పు కాదు. ఒకరి మాట తప్ప మరో ఆధారం లేనప్పుడు సందేహించడమే సైన్సు పద్ధతి.

1953లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియేల్ క్లైట్‌మన్ ఒక సంగతి బయటపెట్టారు. నిద్రలో కొన్ని దశలలో మూసిన రెప్పల కింద కనుగుడ్లు చకచకా అటూ ఇటూ కదులుతాయి. ఆ దశలో లేపితే చాలామంది కల కంటున్నామని చెబుతారు. ఈ దశకు రెమ్ నిద్ర అని పేరు వచ్చింది. రెమ్ నిద్రలో మెదడు చురుకుగా ఉంటుంది. కాని చేతులు, కాళ్ళు కదిలించే కండరాలు సడలిపోయి ఉంటాయి. అందుకే కలలో పరుగెత్తినా మంచం దిగి పరుగెత్తం. కళ్ళకు మాత్రం ఈ కట్టు లేదు.

ఈ సంగతే ఒక ఉపాయానికి దారి చూపింది. ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ అనే పరిశోధకుడు, తరచు ఎరుక కలలు కనే అలన్ వర్‌స్లీతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. "కలలో ఉన్నానని తెలియగానే కళ్ళను ఎడమకు, కుడికి వరసగా ఎనిమిది సార్లు తిప్పు" అన్నది ఆ ఒప్పందం. 1975 ఏప్రిల్‌లో ఒకనాడు వర్‌స్లీ గాఢంగా నిద్రపోతుండగా, యంత్రం గీస్తున్న కాగితంమీద ఆ ఎనిమిది కదలికలూ స్పష్టంగా పడ్డాయి. ఆ సమయంలో అతని మెదడు తరంగాలు, కండరాల స్థితి అన్నీ రెమ్ నిద్రకు సరిపోయాయి. ఈ ప్రయోగం సంగతి తెలియకుండానే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ లబర్జ్ కూడా ఇలాంటి పద్ధతితోనే అదే విషయం రుజువుచేసి, 1981లో ప్రకటించాడు.

2021లో పరిశోధకులు మరో అడుగు వేశారు. అమెరికా, ఫ్రాన్సు, జర్మనీ, నెదర్లాండ్స్ దేశాల ప్రయోగశాలలలో కల కంటున్నవారిని చిన్న చిన్న లెక్కలు అడిగారు. ఎనిమిదిలోంచి ఆరు తీసేస్తే ఎంత? నిద్రలో ఉన్న ఒక యువకుడు కళ్ళను రెండు సార్లు తిప్పి "రెండు" అని జవాబిచ్చాడు! అయితే ఇలా అడిగిన ప్రతిసారీ జవాబు రాలేదు. సరైన జవాబు వచ్చింది సుమారు 18 శాతం సార్లే. ఎక్కువసార్లు ఏ జవాబూ లేదు. ఆ సంగతిని కూడా పరిశోధకులు దాచకుండా ప్రకటించారు. మీరు నేర్చుకోవలసిన మొదటి పాఠం అదే.

తెల్లవారుజాము కలలు

"తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుంది" అని మన ఇళ్ళలో పెద్దలు అంటూ ఉంటారు. ఈ మాటలో ఒక సగం వెనుక నిజమైన పరిశీలన ఉంది. నిద్ర రాత్రంతా ఒకే తీరుగా ఉండదు. సుమారు 90 నిమిషాలకు ఒక చుట్టు చొప్పున సాగుతుంది. ప్రతి చుట్టు చివరా కొంత రెమ్ నిద్ర వస్తుంది. మొదటి చుట్టులో అది కొద్ది నిమిషాలే. తెల్లవారేసరికి అరగంట, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది. అంటే పెద్ద కలలు, స్పష్టమైన కలలు ఎక్కువగా తెల్లవారుజామునే వస్తాయి. వాటి మధ్యలోంచే లేస్తాం కాబట్టి బాగా గుర్తుంటాయి కూడా.

ఇక "నిజమవుతుంది" అన్న రెండో సగం సంగతి. దాన్ని తేల్చడానికి వాదన అవసరం లేదు, ఒక నోటుబుక్కు చాలు. లేవగానే కలను రాసి, తేదీ వేయండి. నెల తిరిగాక ఎన్ని నిజమయ్యాయో, ఎన్ని కాలేదో లెక్కపెట్టండి. నిజమయిన ఒక్క కలనూ పదిమందికి చెప్పి, కాని ముప్ఫై కలలను మరిచిపోవడం మన అలవాటు. నోటుబుక్కు మరిచిపోదు.

ఎలా మొదలుపెట్టాలి?

ఎరుక కలలకు మొదటి మెట్టు కూడా ఈ నోటుబుక్కే. ఫ్రాన్సుకు చెందిన హెర్వే ద సెయింట్ డెనీ 13 ఏళ్ళ వయసులోనే తన కలలను రాయడం, బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు. తర్వాత పెద్ద పండితుడై, 1867లో కలలను నడిపించడం గురించి ఒక పుస్తకం ప్రకటించాడు. మీరు కూడా దిండు పక్కన పుస్తకం, పెన్సిలు పెట్టుకోండి. మెలకువ రాగానే కదలకుండా ఒక నిమిషం కళ్ళు మూసుకుని, ఏం గుర్తున్నదో చూసుకుని, అప్పుడు రాయండి. రెండు వారాలు ఇంతకన్నా ఏమీ చేయకండి. మీ కలలలో పదేపదే వచ్చే వింతలు మీకే కనిపిస్తాయి: పాత ఇల్లు, తప్పిపోయిన బస్సు, కాళ్ళు కదలకపోవడం.

రెండో మెట్టు పరీక్ష. పగలు నాలుగైదు సార్లు, ముఖ్యంగా ఏదైనా వింతగా తోచినప్పుడు, "ఇది కలా?" అని నిజంగా అనుమానించి ప్రశ్నించుకోండి. ముక్కు, నోరు మూసుకుని గాలి పీల్చడానికి ప్రయత్నించండి. మెలకువలో గాలి ఆడదు. కలలో చాలామందికి ఆడుతుంది. గోడమీది అక్షరాలు ఒకసారి చదివి, తల తిప్పి, మళ్ళీ చదవండి. కలలో అవి తరచు మారిపోతాయి. పగలు అలవాటయిన ప్రశ్న ఒకనాడు కలలో కూడా నోటికి వస్తుంది. ఒక హెచ్చరిక: పరీక్ష ఎప్పుడూ ఇలా అపాయం లేనిదే కావాలి. ఎగరగలనేమో చూద్దామని మెట్లమీదినుంచి, గోడమీదినుంచి దూకడం పరీక్ష కాదు, ప్రమాదం.

మూడో మెట్టు సంకల్పం. బస్సు దిగేటప్పుడు కండక్టరు దగ్గర చిల్లర తీసుకోవడం మరిచిపోకూడదని ఎక్కినప్పటి నుంచీ మనసులో అనుకుంటూ ఉంటాం గదా! లబర్జ్ పద్ధతి ఇలాంటిదే. పడుకున్నాక ఇటీవల వచ్చిన ఒక కలను గుర్తుచేసుకోవాలి. అందులోని వింత దగ్గర ఆగి, అక్కడ "ఇది కల" అని గుర్తించినట్టు ఊహించుకోవాలి. "ఈసారి కల వస్తే అది కల అని గుర్తుంచుకుంటాను" అని అనుకుంటూ నిద్రపోవాలి.

కలలో ఎరుక కలిగిన మొదటిసారి చాలామంది సంతోషం పట్టలేక వెంటనే మేలుకుంటారు. అందుకని తొందరపడకుండా, కలలోనే చేతులు రుద్దుకోవడం, చుట్టూ ఉన్న వస్తువులను నెమ్మదిగా చూడడం మంచిదని అనుభవం ఉన్నవారు చెబుతారు.

నిద్రను దొంగిలించకండి

ఇక్కడే నాకొక అభ్యంతరం ఉంది. అన్నిటికన్నా బాగా పనిచేసే పద్ధతి అంటూ ఒకటి చెబుతారు. అయిదు గంటలు నిద్రపోయాక అలారం పెట్టుకుని లేవాలి. కాసేపు మెలకువగా ఉండి, సంకల్పం చెప్పుకుని, మళ్ళీ పడుకోవాలి. ఆస్ట్రేలియాలో 2017లో ప్రకటించిన ఒక పరిశోధనలో పగటి పరీక్షనూ, ఈ అలారాన్నీ, సంకల్పాన్నీ కలిపి ఒక వారం సాధన చేసినవారికి సుమారు 17 శాతం ప్రయత్నాలలో ఎరుక కల వచ్చింది. అంటే అంత కష్టపడినా ఆరు రాత్రులకు ఒకటి!

ఇప్పుడు మీ సంగతి చూడండి. 13 నుంచి 18 ఏళ్ళ వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతున్నారు. పదో తరగతి, ఇంటర్ చదివేవారిలో ఎంతమందికి అంత నిద్ర దక్కుతోంది? రాత్రి పదకొండు దాకా చదువు, తెల్లవారుజామున అయిదింటికి హాస్టలు గంట. ఆ ఉన్న ఆరు గంటలను కూడా మధ్యలో అలారంతో తుంచితే మిగిలేదేమిటి? పగలు చదివిన దాన్ని మెదడు భద్రపరచుకునేది నిద్రలోనే. కలను పట్టుకోబోయి పాఠాన్ని పోగొట్టుకోవడం మంచి బేరం కాదు.

"వారానికి ఒక్కసారయితే ఏం?" అని మీరు అడగవచ్చు. దానికి అలారం లేని దారి ఉంది. సెలవురోజున మెలకువ దానంతటదే వస్తుంది. అప్పుడు వెంటనే లేవకుండా సంకల్పం చెప్పుకుని మరో కునుకు తీయండి. ఆ కునుకులో రెమ్ నిద్ర దండిగా ఉంటుంది. ఖర్చేమీ లేదు. మెరిసే దీపాల ముసుగులు, కలల మాత్రలు అని అమ్మేవారికి మాత్రం దూరంగా ఉండండి.

ఒక్కోసారి మెలకువ వచ్చినా ఒళ్ళు కదలక, గుండెలమీద ఎవరో కూర్చున్నట్టు అనిపిస్తుంది. అది దయ్యం కాదు. రెమ్ నిద్రలోని కండరాల సడలింపు ఇంకా పూర్తిగా పోలేదన్నమాట. కొద్ది క్షణాలలో, మహా అయితే నిమిషాలలో పోతుంది. నిద్ర చాలనివారికి ఇది ఎక్కువ. లేనివి కనిపించడం, వినిపించడం వంటి బాధలు ఉన్నవారు, మనసుకు సంబంధించి మందులు వాడుతున్నవారు మాత్రం ఈ సాధన జోలికి వెళ్ళకూడదు.

ఏమిటి లాభం?

కలలో పాఠాలు చదివి ర్యాంకు తెచ్చుకోవచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. రెండోసారి చూసేసరికి అక్షరాలే మారిపోయే చోట కొత్త పాఠం ఎలా చదువుతారు? చేతి పనుల సాధనకు కొంత ఉపయోగం ఉండవచ్చు. జర్మన్ పరిశోధకులు 2010లో ప్రకటించిన చిన్న ప్రయోగంలో, కలలో నాణేన్ని కప్పులోకి విసరడం సాధన చేసినవారు లేచాక మరికాస్త బాగా విసిరారు. తరచు పీడకలలు వచ్చేవారిలో కొందరికి "ఇది కల" అన్న ఎరుకే ధైర్యం ఇస్తుంది. ఇంతకుమించి వాగ్దానాలు చేయడం న్యాయం కాదు.

నా దృష్టిలో పెద్ద లాభం మరొకటి. "నేను చూస్తున్నది నిజమేనా? ఎలా తెలుస్తుంది?" అని రోజుకు నాలుగుసార్లు అడిగే అలవాటు మీకు అబ్బుతుంది. ఎరుక కల రాకపోయినా ఆ అలవాటు మిగులుతుంది. ఫోనులో వచ్చే వదంతుల దగ్గరా, బాబాల మహిమల దగ్గరా అది పనికొస్తుంది.

కాబట్టి ఈ నెల మొదలుపెట్టండి. నోటుబుక్కులో నాలుగు గడులు గీయండి: తేదీ, ఎన్ని గంటలు నిద్రపోయారు, కల గుర్తుందా, ఎరుక కలిగిందా. రెండో గడిలో అంకె తగ్గుతున్నట్టు కనిపిస్తే ప్రయోగం ఆపేయండి. తగ్గకపోతే నెలాఖరున చివరి గడిని లెక్కపెట్టండి. ఒకటి రావచ్చు, రెండు రావచ్చు. సున్నా వచ్చిందా? సున్నా అనే రాయండి. స్నేహితుడికి కూడా సున్నా అనే చెప్పండి.